రెండు కాగితాలు, రెండు పెట్టెలు

ఢిల్లీ ఎన్నికలూ రాష్ట్రం ఎన్నికలూ ఒకేసారి పెట్టేస్తే మంచిదా కాదా అని ఇప్పుడు పెద్ద పెద్దవాళ్ళు పేపర్లలో వాదించుకుంటుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఆ మాట నేను ఎనభైల్లోనే చెప్పాను. రావులపాలెంలో మా స్కూలు స్టాఫ్‌రూములో, టీ గ్లాసు బల్ల మీద టంగుమని కొట్టి మరీ చెప్పాను. కానీ టీచరమ్మ మాట ఎవరికి కావాలి? ఎన్నికల డ్యూటీకి మాత్రం టీచరమ్మ కావాలి.

ఎనభై మూడు జనవరిలో అసెంబ్లీకి పెట్టారు. నేను వెళ్ళాను. ఎనభై నాలుగు డిసెంబరులో పార్లమెంటుకి పెట్టారు. వెళ్ళాను. హమ్మయ్య, ఇక అయిదేళ్ళు మన జోలికి రారు అనుకుంటే ఎనభై అయిదు మార్చిలో మళ్ళీ అసెంబ్లీకి పెట్టారు. పెట్టిన ప్రతిసారీ మా స్కూలు పోలింగు స్టేషనయ్యేది. నన్ను ఇంకో ఊళ్ళో స్కూలుకి తోలేవారు. తిరిగొచ్చేసరికి నా క్లాసురూములో బల్లలు వరండాలో ఉండేవి, నల్లబల్ల మీద బాణం గుర్తులేసి "క్యూ ఇటు" అని ఉండేది. నా కుర్చీ ఎవరో పట్టుకుపోయి హెడ్‌మాస్టరు గదిలో వేసేవారు. ఎనభై మూడులో పోయిన ఒక బెంచీ కాలు ఇప్పటికీ దొరకలేదు. ఆ బెంచీకి ఇటుకలు పెట్టి నేను రిటైరయ్యేదాకా నడిపాం.

ఎనభై అయిదు మార్చి సంగతి చెప్తే ఇప్పటికీ తల నొప్పి పుడుతుంది. డిసెంబరులో వేసిన సిరా చుక్క అందరి గోళ్ళ చివర్లలో ఇంకా ఉంది. గోరు పెరిగి చుక్క పైకి జరిగిందే కాని పోలేదు. ఒక పార్టీ ఏజెంటు లేచి, "ఈయన ఓటేసేసేడండీ, చూడండి గోరు" అంటాడు. ఆ వేసేవాడు, "అది పాత చుక్కండి బాబూ, ఢిల్లీది" అంటాడు. పాత చుక్కేదో కొత్త చుక్కేదో తేల్చడానికి నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి గోళ్ళూ పట్టుకుని చూశాను. చెయ్యి చూసి సోది చెప్పేవాళ్ళు కూడా అన్ని చేతులు చూసి ఉండరు.

ఆ డ్యూటీ నుంచి వచ్చిన మర్నాడే స్టాఫ్‌రూములో అన్నాను. "రెండూ ఒక్కరోజున పెట్టేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది? ఎలాగూ ఓటరు వస్తాడు, ఎలాగూ మేం చస్తాం. ఒక చావుతో సరిపోతుంది కదా." మా లెక్కల మాస్టారు నవ్వి, "మీకు తెలీదండి, రెండూ కలిస్తే గందరగోళం" అన్నారు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో. గందరగోళం ఏంటండీ, ఒక కాగితం బదులు రెండు కాగితాలు. పప్పులో నెయ్యి వేసుకున్నట్టే అన్నంలో ఆవకాయ కూడా వేసుకుంటాం, దానికి గందరగోళపడుతున్నామా? నాలుగున్నరేళ్ళు ఈ వాదన నడిచింది. ఏ ఎన్నికల వార్త వచ్చినా నేను నా పాట పాడేదాన్ని. వినీ వినీ ఆఖరికి ఆయాకి కూడా కంఠతా వచ్చేసింది.

ఎనభై తొమ్మిది నవంబరులో నా మాటే చెల్లింది. పార్లమెంటుకీ అసెంబ్లీకీ కలిపి పెట్టారు. పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకి వెళ్ళి లెక్కల మాస్టారి ముందు పెట్టాను. ఆయన చూసి, "శుభం. డ్యూటీ వేశారా మీకు?" అన్నారు. వేశారు.

మండపేట దాటి కాలవగట్టు మీదుగా కొంత దూరం పోతే వచ్చే ఒక ఊరు. పోలింగు ముందు రోజు పొద్దున్నే బస్సెక్కి గోదావరి వంతెన దాటి మండపేట చేరాను. అక్కడ సామాను ఇచ్చారు. పెట్టెలు రెండు, సీళ్ళు, లక్క, సిరా సీసాలు, ఓటర్ల జాబితాలు, సంచీలు, కవర్లు. ఇదివరకు ఒక్కో రకం ఉండేది, ఇప్పుడు ప్రతిదీ రెండేసి. కవర్లు మాత్రం రెండింతలు కాదు, నాలుగింతలు అయినట్టనిపించాయి. మమ్మల్ని ఊళ్ళోకి చేర్చడానికి ఒక రైసుమిల్లు లారీ పెట్టారు. అడుగున ఇంకా తవుడు ఉంది. ఎక్కిన దగ్గర్నుంచీ నాకు తుమ్ములు.

మా ప్రిసైడింగ్ ఆఫీసరు గారు, అంటే ఆ బూత్ మొత్తానికీ బాధ్యుడు, పెద్దాపురంలో ఒక గవర్నమెంటాఫీసులో హెడ్ గుమాస్తా. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా జేబులో మూడు పెన్నులతో ఉండేవారు. లారీలో పెట్టెల మీద చెయ్యేసి కూర్చుని, "టీచర్ గారూ, నేను ఈ నెలాఖరుకి దిగిపోతున్నానండి" అన్నారు. అలాగా అన్నాను. "ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసండి. ఒక్క మెమో లేదు. మా ఆఫీసులో అటెండరుక్కూడా మెమో ఉంది, నాకు లేదు. ఈ రెండు పెట్టెలూ క్షేమంగా అప్పగించేస్తే చాలు, అదే పదివేలు." కాలవ వంతెన దగ్గర మళ్ళీ అదే చెప్పారు. ఊరు మొదట్లో లారీ దిగి సామాను లెక్క చూసుకున్నాక మళ్ళీ చెప్పారు. నాకు విసుగొచ్చింది. మెమో లేకుండా దిగిపోతే ఏంటి, ఉండి దిగిపోతే ఏంటి, దిగడం దిగడమే కదా అనుకున్నాను. అంత పొగరుగా అనుకున్నదాన్ని నేనే.

స్కూలుకి ఎదురుగా ఒక పెంకుటిల్లు. అందులో ఒక మామ్మగారు ఉండేవారు. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పది ఎకరాల వ్యవసాయం ఆవిడే కౌలుకిచ్చి చూసుకునేవారు. ఆడమనిషిని, స్కూల్లో ఎలా పడుకుంటాను అని ఆ ఊరి పెద్దలు నన్ను ఆవిడింటికి పంపారు. ఆవిడ ఏ పార్టీ మనిషి కాదని ప్రిసైడింగ్ ఆఫీసరు గారు నలుగుర్ని అడిగి తెలుసుకుని గానీ ఒప్పుకోలేదు. స్కూల్లో వెలుతురు చాలక ఆయన కూడా ఆ సాయంత్రం మామ్మగారి అరుగు మీదే ఒక చివర కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, కవర్ల మీద వివరాలు రాసుకుంటున్నారు. ఇంకో చివర నేను.

అక్కడికి ఆడవాళ్ళు రావడం మొదలైంది. రెండు కాగితాలిస్తారట అన్న వార్త ఊళ్ళో పాకిపోయింది. ఒకావిడ వచ్చి, "రెండు కాయితాలంట గదండీ, ఎందుకండీ?" అని అడిగింది. తెల్లది ఢిల్లీకి, గులాబీ రంగుది హైదరాబాదుకి అని చెప్పాను. ఆవిడ వెళ్ళి ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చింది. మళ్ళీ చెప్పాను. వాళ్ళు ఇంకో నలుగుర్ని. "రెండిట్లోనూ ఒకే గుర్తుకి వెయ్యాలాండీ?" మీ ఇష్టమమ్మా. "మా ఇష్టమంటే ఎలాగండీ, మీరు చెప్పాలి గదా." నేను చెప్పకూడదమ్మా. "మరి ఎందుకొచ్చేరండీ?" తల ప్రాణం తోకకొచ్చింది. అయిదోసారి చెప్పేసరికి నా టీ చల్లారి మీగడ కట్టింది.

ఆఖరికి మడత దగ్గరికొచ్చారు. ఓటు ముద్ర వేశాక కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. లేకపోతే తడి సిరా ఇంకో గుర్తుకి అంటుకుని ఓటు చెల్లకుండా పోతుంది. నోటితో చెప్తే ఎవరికీ అర్థం కావడం లేదు. చేతిలో కాగితమూ లేదు, బ్యాలెట్ కాగితం సీలు విప్పి చూపిస్తే నా ఉద్యోగం పోతుంది. అప్పుడు మామ్మగారి తమలపాకుల పళ్ళెం కనిపించింది. ఒక ఆకు తీసి, "ఇదిగోండమ్మా, ఇది కాయితం అనుకోండి. ఇలా నిలువుగా, ఇలా అడ్డంగా" అని మడిచి చూపించాను. అందరి మొహాలూ వికసించాయి. తమలపాకు మడవడం తెలియని ఆడది గోదావరి జిల్లాల్లో ఉందా?

మామ్మగారు పళ్ళెం తన వైపు లాక్కున్నారు. రెండాకులు తీసి, తొడిమలు గిల్లి, ఒకదాని మీద ఒకటి వేసి, నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత వేసి నా ముందు పెట్టారు. "ఇలాగేగా అమ్మా?"

"అవునండి, అంతే," అన్నాను.

అంతే. నా నోటివెంట వచ్చిన మాట అదే. ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. "తాంబూలమే, తాంబూలం మడిచినట్టే. ఏం లేదు." నాకు కూడా గర్వంగానే అనిపించింది. ఇంత సులువైన పనికి గందరగోళం అన్న లెక్కల మాస్టారు ఇక్కడుంటే బాగుండును అనుకున్నాను.

మర్నాడు ఏడు గంటలకే వరసలు కట్టారు. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు ఒక వరస. గదిలో బల్లలన్నీ వరసగా వేశారు. మొదటి బల్ల దగ్గర పేరు చదివేవాడు, తర్వాత సిరా వేసేవాడు, తర్వాత తెల్లకాగితం ఇచ్చే గుమాస్తా, ఆ పక్కన గులాబీ కాగితమూ రబ్బరు ముద్రా ఇచ్చే నేను. మూలకి దుప్పటి కట్టి చాటు చేశారు. చాటు నుంచి బయటికి రాగానే బల్ల మీద పెట్టెలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానికి తెల్లచీటీ, రెండోదానికి గులాబీ చీటీ అంటించి. నేను ప్రతి మనిషికీ, "తెల్లది తెల్లదాంట్లో, గులాబీది గులాబీదాంట్లో" అని చెప్తూనే ఉన్నాను. వంద సార్లు చెప్పాక అది మాటలాగా ఉండదు, పాడైపోయిన గ్రామఫోను రికార్డులాగా ఉంటుంది. వినేవాళ్ళక్కూడా అలాగే ఉండి ఉంటుంది.

మొదటి రెండు గంటలూ ప్రిసైడింగ్ ఆఫీసరు గారికి పెట్టెల వైపు చూసే తీరిక లేకపోయింది. జాబితాలో తండ్రి పేరు తప్పు పడిందని ఇద్దరు ఏజెంట్లు ఒక ముసలాయన మీద తగువు పెట్టుకున్నారు. ఒకరు ఈయన ఆయనే అంటారు, ఇంకొకరు కాదంటారు. ఆ ముసలాయన ఇద్దరి వంకా చూసి, "మీ ఇద్దరికీ అక్షరాలు దిద్దబెట్టింది నేనేరా" అన్నాడు. ఆ తగువు తీరేసరికి ఎండెక్కింది.

అప్పుడు ఒకావిడ పెట్టె దగ్గర ఆగిపోయింది. కాగితం కంతలోకి వెళ్ళడం లేదు. ఆవిడ తోస్తోంది, అది ఉబ్బుగా ఉండి ఇరుక్కుపోయింది. ప్రిసైడింగ్ ఆఫీసరు గారు స్కేలు పట్టుకుని లేచారు. స్కేలుతో తోయబోయి ఆగిపోయారు. తెల్లకాగితం మడతలోంచి గులాబీ అంచు కొంచెం బయటికి కనిపిస్తోంది.

"రెండో కాగితం ఏదమ్మా?" అన్నారు.

"దీంట్లోనే ఉందండి బాబూ."

"దీంట్లో అంటే?"

"రెండూ కలిపి మడిచేనండి. అందరం అలాగే వేసేం గదండీ."

ఆయన మొహం పాలిపోవడం నేను నా బల్ల దగ్గర్నుంచి చూశాను. గులాబీ చీటీ ఉన్న పెట్టెని రెండు చేతులతో కొంచెం ఎత్తి చూశారు. తెల్లచీటీ పెట్టెనీ ఎత్తి చూశారు. తర్వాత కుర్చీలో కూర్చుండిపోయారు. ఆకు మీద ఆకు వేసిన మామ్మగారి వేళ్ళు కళ్ళముందు కనిపించాయి. తాంబూలంలో ఒంటాకు ఎవరూ పెట్టరు. పెట్టకూడదు. రెండాకులు చేతికొస్తే మన చేతులు వాటిని కలుపుతాయి, వాటికి ఇంకో పని తెలీదు. మామ్మగారు నా కళ్ళముందే కలిపారు. నేను చూశాను. చూసి, అవునండి, అంతే అన్నాను.

ఏజెంట్లు లేచారు. ఒకాయన పోలింగు ఆపెయ్యమన్నాడు. ఇంకొకాయన ఆపితే ఊరుకోనన్నాడు. మళ్ళీ పోలింగు పెట్టించాలని ఒకరు, పెట్టిస్తే తన పార్టీకి అన్యాయమని ఒకరు. ప్రిసైడింగ్ ఆఫీసరు గారు అందరినీ కూర్చోమని, చాలా నెమ్మదిగా చెప్పారు. "లోపల పడ్డ ఓటు లోపలే ఉందండి. ఎక్కడికీ పోదు. లెక్కపెట్టేవాళ్ళు విప్పి, ఏ రంగుది ఆ లెక్కలోకి వేసుకుంటారు. పోలింగు ఆపక్కర్లేదు." ఆ మాట నిజమే.

అప్పటికి మామ్మగారి వంతొచ్చి, గులాబీ కాగితం కోసం నా బల్ల ముందు నిలబడ్డారు. ఆయన ఆవిడ్నే అడిగారు. "ఇలా కలిపి మడవమని ఎవరు చెప్పారమ్మా?"

ఆవిడ నా వంక చూడలేదు. "ఒకరు చెప్పాలేంటండీ? ఒంటాకు ఎవరిస్తారండి ఎక్కడైనా?" అన్నారు.

నేను సిరా సీసా మూత కింద పడిందేమో అని బల్ల కిందకి వంగి వెతికాను. సీసా నా బల్ల మీదది కానే కాదు, దాని మూత కూడా ఎక్కడికీ పోలేదు.

ఆయన పెట్టెల్ని విడదీయించారు. ఒకటి గుమ్మం పక్కన, ఇంకొకటి గదికి ఆ చివర నల్లబల్ల కింద. "టీచర్ గారూ, కాగితాలు రెండూ గుమాస్తా ఇస్తాడు, మీరు ఆ గులాబీ పెట్టె దగ్గర నిలబడి ఆడవాళ్ళకి చెప్పండి. మీరు చెప్తే వింటారు" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమో అని నేను ఆయన మొహంలోకి చూశాను. ఏమీ కనపడలేదు. సాయంత్రం దాకా ఆ పెట్టె పక్కనే నిలబడ్డాను. కాళ్ళు వాచిపోయాయి. ఒకావిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నిన్న ఒకలా చెప్పి ఇవాళ ఒకలా చెప్తారేంటండీ?" అంది. "నడవండమ్మా, వెనకాల జనం ఉన్నారు" అన్నాను. నా తప్పుకి ఆవిడ మీద విసుక్కున్నాను. ఆ రోజంతా నేను చేసిన పని అదే.

పోలింగు అయ్యాక లక్క కరిగించి సీళ్ళు వేశాం. ఏజెంట్లు సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. ప్రిసైడింగ్ ఆఫీసరు గారు డైరీ తీశారు. అందులో పోలింగులో ఏమైనా లోపాలు జరిగాయా అని ఒక గడి ఉంటుంది. అందరూ దాంట్లో "ఏమీ లేదు" అని రాసి సంతకం పెడతారు. ఇదివరకు మూడుసార్లు నేను వెళ్ళిన చోటల్లా అదే రాశారు. ఈయన జేబులోంచి పెన్ను తీసి, ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో నాలుగు వరసలు రాశారు. పక్క నుంచి చదివాను. కొందరు స్త్రీ ఓటర్లు రెండు బ్యాలెట్లూ కలిపి ఒకే పెట్టెలో వేశారు, వారికి ముందుగా స్పష్టమైన సూచన ఇవ్వకపోవడం నా లోపం, అని ఉంది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిస్తే చాలు. నిన్న అరుగు మీద నేను చెప్పిన తప్పండీ ఇది అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. బయట లారీవాడు హారను కొట్టాడు, గుమాస్తా సంచీలు ఎత్తుకోమన్నాడు, నేను సంచీ ఎత్తుకున్నాను. మండపేట దాకా ఆ పెట్టెలు మా ఇద్దరి మధ్యా ఉన్నాయి. ఆయన దారిలో మెమో మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ముందు రోజంతా ఆ మాట విని విసిగినదాన్ని, ఆయన మళ్ళీ అంటే బాగుండునని ఎదురుచూశాను.

ఓట్లు లెక్కపెట్టినప్పుడు మా బూత్ పెట్టె విప్పినవాళ్ళు తిట్టుకున్నారట. తెల్లకాగితాల మడతల్లోంచి గులాబీ కాగితాలు రాలుతూనే ఉన్నాయట. ఒక్క ఓటూ పోలేదు. అన్నీ ఎవరివి వాళ్ళకి చేరాయి. దేశానికీ రాష్ట్రానికీ మా వల్ల ఏ నష్టమూ జరగలేదు. నేను ఊపిరి పీల్చుకుని స్కూలుకి వెళ్ళిపోయాను. లెక్కల మాస్టారు, "ఎలా ఉందండీ, రెండూ కలిపితే?" అని అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

డిసెంబరు మొదటివారంలో, తెల్లకాగితాలిచ్చిన ఆ గుమాస్తా రావులపాలెం అరటిగెలల మార్కెట్టు దగ్గర బస్సు కోసం నిలబడి కనిపించాడు. పలకరించాను. అతనే చెప్పాడు. "పాపం ఆయనకి మెమో వచ్చిందండి. ఓటర్లకి సరైన సూచనలు ఇవ్వలేదని సంజాయిషీ అడిగేరు. నెలాఖరు రోజు పొద్దున్న మెమో, సాయంత్రం దండ. ఆ దండేసుకుని కూర్చున్నంతసేపూ ఆయన మాట్టాడితే ఒట్టండి." లారీల్లోకి గెలలు ఎక్కిస్తున్నవాళ్ళ కేకల్లో నాకు ఆ తర్వాతి మాటలు వినపడలేదు. ముప్ఫై నాలుగేళ్ళలో రానిది, ఆఖరి రోజున, నా వల్ల వచ్చింది. నా మీద నాకు అసహ్యం వేసింది. ఎన్నికల మీద, ప్రభుత్వం మీద, క్యూలో ఆడవాళ్ళ మీద అన్నేళ్ళు విసుక్కున్నాను. ఆ విసుగులోనే, టీ చల్లారిపోతోందని, అవునండి, అంతే అనేశాను.

ఆ ఆదివారం కూర్చుని ఉత్తరం రాశాను. ఎన్నికల అధికారి గారికి అని మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు రాశాను. తమలపాకులతో సహా. తప్పు ప్రిసైడింగ్ ఆఫీసరు గారిది కాదు, నాది అని, సంతకం పెట్టి, నా హోదా, స్కూలు పేరు కూడా రాశాను. మా ఆయన చదివి, "ఇది పంపితే నీకు మెమో వస్తుంది, తెలుసా?" అన్నారు. "రానివ్వండి" అన్నాను. నేరుగా పోస్టు చెయ్యడానికి మనసొప్పలేదు. ముందు ఆయనకి చూపించాలనిపించింది.

పెద్దాపురంలో ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు గదిలో చాప మీద కూర్చుని మనవరాలికి ఎక్కాలు చెప్తున్నారు. జేబులో ఒక్క పెన్నే ఉంది. "రండి టీచర్ గారూ" అని లేచి కుర్చీ వేశారు. నేను కూర్చోకుండానే ఉత్తరం చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఆఫీసు ఫైలు చదివినట్టు పైనుంచి కిందదాకా చదివారు. ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ ప్రిసైడింగ్ అన్నదాంట్లో ఒక అక్షరం పోయిందమ్మా" అన్నారు. నాకు అప్పుడు కూడా ఒళ్ళు మండింది, నిజం చెప్పాలి కదా.

"ఇదంతా నాకు తెలుసమ్మా," అన్నారు తర్వాత.

నాకు అర్థం కాలేదు.

"ఆ అరుగు మీద ఆ చివర కూర్చున్నది నేనే కదా. అంతా విన్నాను. ఆ పెద్దావిడ రెండాకులూ కలిపి మడవడం కళ్ళజోడు పై నుంచి చూశాను కూడాను. మీరు అవునండి, అంతే అన్నారు. నేనూ అంతేగా అనుకుని మళ్ళీ కవర్లు రాసుకున్నాను. నాకు ఏమీ తప్పు కనిపించలేదు. మా ఇంట్లో కూడా అలాగే మడుస్తారు. ప్రిసైడింగ్ ఆఫీసరుని నేను. చూసి కూడా పట్టుకోలేకపోయాను. మరి మెమో ఎవరికి రావాలి?"

"ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కటి కూడా లేదన్నారు కదండీ," అన్నాను.

"అవునమ్మా, అది బాధే. లేదని నేనెందుకంటాను? రాత్రి లేచి కూర్చుంటున్నాను," అన్నారు. "కానీ దిగిపోయినవాడి మెమో ఎవరికీ పనికిరాదు. మీకు ఇంకా బోలెడు సర్వీసుంది. రేపు హెడ్‌మిస్ట్రెస్ అవుతారు. అప్పుడు మీ ఫైలు తీస్తే ఇది పైన కనపడాలేంటి?"

లేచి వెళ్ళి గూట్లోంచి ఒక కాగితం తెచ్చారు. టైపు చేసి, కింద రబ్బరు స్టాంపు వేసిన మెమో. దాన్ని చాప మీద పరిచి, నా ఉత్తరాన్ని సరిగ్గా దాని మీద పెట్టారు. అంచులు కలిపారు. నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత వేశారు. మనవరాలు, "తాంబూలమా తాతా?" అంది. ఆయన గోడవారన ఉన్న ట్రంకు పెట్టె మూత ఎత్తి, దాన్ని అందులో వేసి, మూత వేశారు.

"రెండూ ఒకే పెట్టెలో వేశానమ్మా," అన్నారు. "ఈసారి మాత్రం ఎవరికీ చెప్పకండి."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. అక్కడే, ఆ పిల్ల ముందే, ఏడ్చేశాను.